మొదటి నెల బాగున్నానని చెప్పకు

బుజ్జమ్మా,

ముందు ఆ టిక్కెట్టు మార్చించు. క్లాసులు మొదలయ్యే ముందురోజు సాయంత్రం ఢిల్లీలో దిగుతావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎవరిచ్చారు నీకీ సలహా? కనీసం పది రోజుల ముందు అక్కడ ఉండాలి. ‘అంత ముందెళ్ళి ఏం చేస్తుంది వదినా, ఖర్చు తప్ప’ అంటుంది మీ అమ్మ. ఏం చెయ్యాలో నేను చెప్తాను. వాట్సాప్‌లో ఇంత రాస్తే బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీకు ఢిల్లీ యూనివర్సిటీలో ఎమ్మే సీటొచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి ఈ వీధిలో నేను చెప్పని ఇల్లు లేదు. పాలబ్బాయికి కూడా చెప్పాను. వాడికి ఢిల్లీ అంటే పార్లమెంటే. ‘ఎంపీ అయిపోద్దేటమ్మా’ అన్నాడు. పగలంతా ఇలా గొప్పలు చెప్పుకోవడం, రాత్రయితే నిద్ర పట్టకపోవడం, ఇదీ నా వరస. నాకు ఆ ఊరంటే భయం లేదు. మీ మావయ్య ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆర్కే పురం క్వార్టర్స్‌లో కాపురం చేసినదాన్ని. నా భయమల్లా నువ్వు మీ నాన్న కూతురివి కదా అని. అక్కడికి వస్తాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. టీసీ, మార్కుల లిస్టులు, ఒరిజినల్స్ అన్నీ చేతి సంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోలేదని విన్నాను. ఈ వారమే విశాఖపట్నం వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీలో ఆ పని చూసుకో. మన బీసీ సర్టిఫికెట్ రాష్ట్రం నమూనాలో ఉంటే అక్కడ పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అని, అదీ ఈ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చినదే అడుగుతారు. సచివాలయంలో ‘రెండూ ఒకటేనమ్మా’ అంటే నమ్మకు, వెబ్‌సైట్‌లో ఉన్న నమూనా ప్రింటు తీసి చేతిలో పెట్టు.

రైలు సమతా ఎక్స్‌ప్రెస్ అయితే విజయనగరంలోనే ఎక్కొచ్చు, హాయి. కాని అది న్యూఢిల్లీ స్టేషన్‌కి పోదు, నిజాముద్దీన్‌లో దించుతుంది. సామాను తక్కువుంటే పక్కనే సరాయ్ కాలే ఖాన్‌లో పింక్ లైన్ మెట్రో ఎక్కి, ఐఎన్‌ఏలో ఎల్లో లైన్‌కి మారి, విశ్వవిద్యాలయ స్టేషన్‌లో దిగు. మొదటి పెట్టె ఆడవాళ్ళదే. ఎక్కువుంటే ప్రీపెయిడ్ ఆటో. అడక్కుండా వచ్చి నీ బ్యాగు పట్టుకున్నవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా వాడి వెంట వెళ్ళకు.

ఇక గది. హాస్టల్ వస్తుందో రాదో మొదట్లో తెలీదు, కాబట్టి పీజీ, అంటే పేయింగ్ గెస్ట్ గది చూసుకోవాల్సిందే. కమలా నగర్, విజయ్ నగర్, హడ్సన్ లేన్, కొంచెం అవతల ముఖర్జీ నగర్, పిల్లలంతా ఉండేది అక్కడే. ఫోన్‌లో ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపకు. ఆ ఫొటోల్లో గది మన హాలంత కనిపిస్తుంది, వెళ్ళి చూస్తే మంచం వేశాక తలుపు తెరుచుకోదు. మొదటి రెండు మూడు రోజులు రోజు అద్దెకి ఎక్కడైనా దిగి, కాళ్ళరిగేలా తిరిగి చూడు. పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడు. రాత్రి ఆ సందులో దీపం ఉందా, మందుల షాపు తెరిచి ఉందా, ఆడపిల్లలు తిరుగుతున్నారా అన్నది పగలు తెలీదు. బేస్‌మెంట్‌లో గది ఊరికే ఇచ్చినా తీసుకోకు. 2024 జూలైలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో వాననీళ్ళు బేస్‌మెంట్ లైబ్రరీలోకి వచ్చి ముగ్గురు పిల్లలు పోయారు. ఆ వార్త చూసి మీ మావయ్య ఆ పూట అన్నం తినలేదు. మెట్లు ఒక వైపే ఉండి, కింద కరెంటు మీటర్లన్నీ గుత్తులుగా వేలాడుతున్న బిల్డింగు కూడా వద్దు. అగ్రిమెంటు రాయించుకో. పోలీస్ వెరిఫికేషన్ అక్కర్లేదని ఓనరు అంటే, ఆ ఇంట్లో ఇంకేం అక్కర్లేదనుకుంటున్నాడో అని అనుమానించు.

అన్నిటికంటే ముందు మేడెక్కి నీళ్ళ ట్యాంకు చూడు. నవ్వకు. నీకు మీ నాన్న సంగతి తెలీదు.

నేనూ ఢిల్లీ యూనివర్సిటీలో చదివానని మీ నాన్న చెబుతుంటాడు కదా. ఎన్నాళ్ళు చదివాడో ఎప్పుడైనా చెప్పాడా? 1991లో ఎమ్మేలో చేరాడు. అచ్చం నీలాగే, రేపు క్లాసులనగా ఇవాళ దిగాడు. రాత్రి మా క్వార్టర్‌లో పడుకుని పొద్దున్నే యూనివర్సిటీకి బయల్దేరాడు. అప్పటికి మెట్రో లేదు. రింగు రోడ్డు చుట్టూ తిరిగే ముద్రిక బస్సు ఉండేది, ఆర్కే పురం నుంచి యూనివర్సిటీ దగ్గరి కింగ్స్‌వే క్యాంపుకి వెళ్ళేసరికి ఒంట్లో ఎముకలన్నీ ఊడి చేతికొచ్చేవి. మూడు నాలుగు రోజులు అలా తిరిగాడు. మాకేమో రెండు గదులు, మా అత్తగారూ మావగారూ ఉండేవారు, మీ బావ అప్పటికి ఇంకా పాకుతున్నాడు. ‘అక్కా, దగ్గర్లో గది దొరికింది’ అని ఐదో రోజున పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. బ్రోకరు చూపించిన మొదటి గదికే డబ్బు కట్టేశాడు. తీరిగ్గా చూసుకునే టైమేదీ?

అదొక బర్సాతీ. అంటే మేడ మీద ఒంటి గది. తలుపు తీస్తే డాబా, డాబా మీద ట్యాంకు. ట్యాంకుకి మూత లేదు, రేకు ముక్క ఒకటి అడ్డం పెట్టారు, పావురాలు దాని మీదే కాపురం. మున్సిపాలిటీ నీళ్ళు పొద్దున్న కాసేపే కిందింటి కుళాయిలో వచ్చేవి. అందరితో లైన్లో నిలబడ్డానికి సిగ్గుపడి మీ నాన్న ట్యాంకు నీళ్ళే తాగేవాడు. వంటకీ అవే.

మొదట్లో ఆదివారం ఆదివారం వచ్చేవాడు. నేను పప్పూ చారూ పెట్టి, వారానికి సరిపడా పచ్చడి కట్టి పంపేదాన్ని. దసరా ముందు నుంచి రావటం మానేశాడు. చదువుకోవాలట, లైబ్రరీట. మా పక్క క్వార్టర్ వాళ్ళకి ఫోనుండేది, దానికి చేసి ‘నేను బాగున్నానక్కా, నువ్వు బెంగ పెట్టుకోకు’ అనేవాడు. బాబుగారికి, అంటే మీ తాతయ్యకి, ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాడు. ‘నేనిక్కడ క్షేమం. తిండికి లోటు లేదు.’ తాతయ్య వాటిని అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపించేవారట.

ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. సన్నగా, పొడుగ్గా ఒక కుర్రాడు, చేతిలో నేను మీ నాన్నకి రాసిన కవరు. దాని వెనక ఉన్న అడ్రసు పట్టుకుని, రెండు బస్సులు మారి, సెక్టార్లన్నీ అడుక్కుంటూ వచ్చాడు. బీహార్ అబ్బాయి, మీ నాన్న క్లాస్‌మేటు. ‘దీదీ, మీ తమ్ముడు లేవటం లేదు’ అన్నాడు. నాకు హిందీ అంతంతమాత్రమే, ఆ ముక్క మాత్రం అర్థమైంది.

మీ మావయ్య ఆఫీసుకి కబురు చేసి, పిల్లాణ్ణి అత్తగారి చేతిలో పెట్టి వెళ్ళాను. మంచం మీద పడి ఉన్నాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కామెర్లు ముదిరిపోయాయి. పక్కింటావిడ ఎవరో చెరుకు రసం తాగితే తగ్గుతుందని చెప్పిందట, రోడ్డు మీద అమ్మే చెరుకు రసం, అందులో ఐసు ముక్కలు, పూటకో గ్లాసు తాగుతున్నాడు. ఇంకొకడెవడో మెడలో ఏదో దండ కట్టాడు, అది పొడుగు సాగితే రోగం దిగినట్టట. ఎమ్మే చదివేవాడు! స్టవ్వు మీద గిన్నెలో గంజి బూజు పట్టి ఉంది. బల్ల మీద సగం రాసిన ఇన్‌లాండ్ లెటరు. అక్షరాలు గీత తప్పి కిందికి జారిపోతున్నాయి. ‘నేనిక్కడ క్షేమం’ అని అప్పుడు కూడా రాశాడమ్మా.

ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాడు. తర్వాత మా ఇంట్లో. అప్పటికి అటెండెన్సు పోయింది, ఆ ఏడు పోయింది. తాతయ్య వచ్చి తీసుకెళ్ళిపోయారు, మళ్ళీ పంపనన్నారు. మరుసటేడు విశాఖపట్నంలో చేరి ఎమ్మే పూర్తి చేశాడు, అది వేరే సంగతి. ‘ఒకే ఊళ్ళో ఉండి నాకెందుకు చెప్పలేదురా’ అని అడిగితే గోడ వైపు తిరిగి పడుకుని, ‘నీకు ఇబ్బంది కదక్కా’ అన్నాడు. ఆ మాటకి నాకొచ్చిన కోపం ఇన్నేళ్ళయినా పూర్తిగా తగ్గలేదు. తోడబుట్టినదానికి ఇబ్బందని, ఊరూ పేరూ తెలియని కుర్రాడి చేత రెండు బస్సులు మార్పించాడు.

నువ్వూ అదే రకం. టెన్త్‌లో జ్వరంతో పరీక్ష రాసొచ్చి, పేపరు బాగా రాశానని చెప్పి పడిపోయావు. గుర్తుందా? అందుకే నీకు ఒకటే చెబుతున్నాను. మొదటి నెల ఫోన్‌లో ‘బాగున్నాను’ అనకు. ఆ మాట నేను ఒప్పుకోను. పొద్దున్న ఏం తిన్నావో చెప్పు, ఎన్నింటికి పడుకున్నావో చెప్పు, ఇవాళ ఎవరితో మాట్లాడావో చెప్పు. ఎవరితోనూ మాట్లాడకపోతే అదీ చెప్పు. ఏడ్చావా, ఏడ్చానని చెప్పు. మొదటి వారం అందరూ ఏడుస్తారు, కొందరు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తారు, అంతే తేడా. మీ అమ్మ కంగారు పడుతుందనుకుంటే నాకు చెయ్యి. నేను కంగారు పడటంలో ఆరితేరినదాన్ని, నాకేం కాదు.

ఆ పది రోజుల్లో చెయ్యాల్సింది ఇప్పుడు విను. గది కుదిరాక, క్లాసుల హడావుడి లేనప్పుడే, క్యాంపస్‌లో ఉన్న డబ్ల్యూయూఎస్ హెల్త్ సెంటర్ ఎక్కడో చూసి, కార్డు ఎలా చేయించాలో అడిగిరా. ఒంట్లో బాగోలేనప్పుడు వెతుక్కుంటూ తిరగలేవు. పీజీలో నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో మిషను ఉంటే ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడుగు. నువ్వు వెళ్ళేది వానాకాలం, దీపావళి దాకా అక్కడ డెంగీ రోజులు. కూలర్‌లో నీళ్ళు నిలవ ఉంచకు, పొడుగు చేతుల బట్టలు వేసుకో. జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప నొప్పుల మాత్రలేవీ నీ అంతట నువ్వు మింగకు, రెండో రోజుకి రక్తపరీక్ష చేయించు. చెరుకు రసం జోలికి పోకు. జ్వరం లేకపోయినా పోకు.

దీపావళి దాటాక పొగ కమ్ముతుంది, ఎన్95 మాస్కు లేకుండా తిరగొద్దు. చలికి ఇక్కణ్ణుంచి దుప్పట్లు మొయ్యకు, మన దుప్పట్లు అక్కడ చేతిరుమాళ్ళతో సమానం. జనవరి రాత్రుళ్ళు 5 డిగ్రీలకి పడిపోతుంది. నవంబరులో అక్కడే ఒక రజాయి, అంటే దూది బొంత, కొనుక్కో.

హిందీ రాదని బెంగ వద్దు. ఆ ఊళ్ళో సగం మంది ఎక్కడెక్కణ్ణుంచో వచ్చినవాళ్ళే. మనల్ని ‘మద్రాసీ’ అంటారు, మనకి మద్రాసు ఎంత దూరమో వాళ్ళకి తెలీదు. మొదట్లో నేను దెబ్బలాడేదాన్ని, తర్వాత మానేశాను. నీకు ఓపికుంటే నువ్వు దెబ్బలాడు.

రాజ్మా, ఛోలే మొదట బాగుంటాయి, తర్వాత ప్రాణం పప్పుచారు కోసం కొట్టుకుంటుంది. అప్పుడు ఇండియా గేట్ దగ్గర అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్ళు. ఆదివారం వెళ్తే బిర్యానీ కోసం వచ్చిన జనమే ఉంటారు, మామూలు రోజు వెళ్ళు. మన బియ్యం, మన పోపు సామాన్లు ఐఎన్‌ఏ మార్కెట్‌లో దొరుకుతాయి. ఒక్కదానివే వెళ్ళకు, ఆ బీహార్ అబ్బాయి లాంటి వాళ్ళెవరైనా నీకూ దొరుకుతారు, వాళ్ళకీ మన పప్పుచారు తినిపించు. ఆ అబ్బాయి తర్వాత చాలాకాలం ప్రతి పండక్కీ మా ఇంటికొచ్చి పులిహోర తిని వెళ్ళేవాడు.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. చూపించకుండా ఉండలేవని తెలుసు. అక్క అన్నీ పెద్దవి చేసి చెబుతుందని, తను అప్పటికే లేచి తిరుగుతున్నాడని అంటాడు. లేచి తిరిగేవాణ్ణి మీ మావయ్యా, ఆ అబ్బాయీ చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎందుకెక్కించారో అడుగు.

కందిపొడీ, చింతకాయ పచ్చడీ శనివారం మీ బావ చేత పంపిస్తున్నాను. పచ్చడి స్టీలు డబ్బాలో పెట్టాను, నువ్వు గాజు సీసాలోకి మార్చుకుని డబ్బా వాడి చేతికే తిరిగి ఇచ్చెయ్యి. మీ అమ్మ దగ్గర ఇప్పటికే నావి మూడున్నాయి.

మీ అత్త