సీఏహెచ్ ఉన్న పాపకి ఆపరేషన్: గ్రూపులో పెద్దవాళ్లు ఎందుకు వద్దంటున్నారు?

సీఏహెచ్ అంటే అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోన్‌ని సరిగా తయారుచేయలేని పుట్టుక సమస్య. దీనివల్ల కొందరు ఆడపిల్లలకి జననాంగం ఆకారం వేరుగా ఉంటుంది. దాన్ని మార్చే ఆపరేషన్ పాపకి చేయిద్దామని మీరంటే, ఇదే సమస్యతో పుట్టి పెద్దయినవాళ్లు గ్రూపులో వద్దన్నారు. మందులనీ ఆపరేషన్‌నీ కలిపి మాట్లాడటం వల్లే ఈ గొడవ. "వైద్యం మానేయమంటారా" అని మీరు బాధపడుతున్నారు. "నన్ను అడక్కుండా కోశారు" అని అదే సమస్యతో పెరిగినవాళ్లు బాధపడుతున్నారు. విడదీసి చూడండి.

1. ఒంట్లో ఉప్పు నిలవని రకమైతే హైడ్రోకార్టిసోన్ (ఆ హార్మోన్ లోటు తీర్చే మందు) ప్రాణాధారం. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు డోసు పెంచాలి. వాళ్లు వద్దంటున్నది దీన్ని కాదు.

2. జననాంగం ఆకారం మార్చే ఆపరేషన్ వేరు. చాలామంది వదిలేసే పని ఇదే: "ఈ ఏడాది చేయించకపోతే పాప ఆరోగ్యానికి ఏమవుతుంది?" అని సర్జన్‌ని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. మూత్రం సరిగా రాదనో, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వస్తుందనో రాస్తే ఆలోచించాల్సిందే. "రేపు పెళ్లికి ఇబ్బంది", "చుట్టాలు చూస్తే బాగోదు" అంటే మాత్రం ఆగండి. స్పర్శ దెబ్బతింటే తిరిగి తేలేం, ఆ నష్టం మోసేది పాపే.

2019లో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకి ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదంది. డాక్టరుకి ఇది చూపించండి.

3. పాపని ఇంటర్‌సెక్స్ (పుట్టుకతోనే శరీరం ఆడ, మగ అనే మామూలు తీరుల్లో పూర్తిగా ఇమడనివాళ్లు) అనాలా వద్దా అన్నది ఇప్పుడు మీరు తేల్చక్కర్లేదండి. పెద్దయ్యాక తనే చెబుతుంది.