38 వేల కిలోమీటర్లకే బ్రేక్ ప్యాడ్లూ డిస్కులూ రెండూ మార్చాలంటున్నారు, నిజమేనా?

శ్రీకాకుళం నుంచి అడిగారు కాబట్టి పక్క జిల్లా వాడిగా చెబుతున్నాను. కారు 38 వేలు తిరిగింది, సర్వీసుకిస్తే ముందు ప్యాడ్లూ డిస్కులూ రెండూ పోయాయన్నారు, అంత తొందరగా పోతాయా, పోతే ఏవి కొనాలి అన్నది కదా మీ ప్రశ్న. ప్యాడ్లంటే చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు వైపులా నొక్కి ఆపేవి, అరగడమే వాటి పని. అవి పోయి ఉండొచ్చు, వింతేం కాదు. డిస్కుల సంగతి మాత్రం కొలిచి చూపించమనండి. కొలవకుండా డిస్కు మార్చాలనేవాడి మాట నేను నమ్మను.

మాది విజయనగరం. చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు బండి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మొదటి జత ప్యాడ్లు 54 వేలు వచ్చాయి. రెండో జత 23 వేలకే అయిపోయింది. బండి అదే, నడిపిందీ నేనే.

మొదట్లో నా ఉద్యోగం మీ ఊళ్లోనే. నాతవలస దగ్గర హైవే ఎక్కితే ఎచ్చెర్ల వచ్చేదాకా బ్రేకు తొక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత విజయనగరం బదిలీ అయింది. గంటస్తంభం నుంచి కోట దాకా వెళ్లి రండి, ముందున్న ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆ ఆటోవాడికే తెలీదు. కాలు బ్రేకు మీదే ఉంటుంది. మామూలుగా ముందు ప్యాడ్లు 30 వేల నుంచి 60 వేల దాకా వస్తాయంటారు. అంత తేడా ఎందుకో ఈ రెండు రోడ్లు చూస్తే అర్థమైపోతుంది. ఆటోమేటిక్ గేరు బండయితే ఇంకా తొందరగా అరుగుతాయి.

దానికి తోడు అరకు. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లి అనంతగిరి ఘాటు దిగుతూ టాప్ గేరులో వదిలేసి, మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ వచ్చాను. బొడ్డవర చేరేసరికి కాలిన వాసన. పెడలు మెత్తగా లోపలికి పోతోంది. గుండె జారిపోయింది. పక్కకి ఆపి నీళ్ల సీసా తీసి చక్రం మీద పోయబోతుంటే, టీ కొట్టు దగ్గర కూర్చున్న లారీ డ్రైవరొకాయన కేకేశాడు: "నీళ్లొయ్యకు బాబూ, డిస్కు వంకరైపోద్ది! ఎక్కిన గేరులోనే దిగాల. బ్రేకు మీద పడిపోతే కాలిపోదేటి?" అరగంట అలా వదిలేశాక పెడలు మళ్లీ గట్టిపడింది. ఆ రోజు నుంచి ఘాటు దిగితే రెండో గేరే.

కానీ 23 వేలకే పోవడానికి అసలు కారణం అది కూడా కాదని తర్వాత తెలిసింది. కుడి ముందు చక్రం దగ్గర కీచుమనే శబ్దం మొదలైంది. ఏసీ వేసి అద్దాలెత్తి పాటలు పెట్టుకుంటే వినపడదు కదా, కొన్నాళ్లు పట్టించుకోలేదు. కీచు పోయి గరగర వచ్చాక షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రీ చక్రం విప్పి రెండు ప్యాడ్లూ నా చేతిలో పెట్టాడు. బయటి ప్యాడు మీద ఇంకా 5 మిల్లీమీటర్ల మందు, అంటే డిస్కుకి రాసుకుని అరిగే పొర, ఉంది. లోపలి దాని మీద ఏమీ లేదు, ఇనుప రేకు మెరుస్తోంది. డిస్కు లోపలి వైపు గ్రామఫోన్ రికార్డులా గీతలు.

"పిన్ను పట్టేసింది బాబూ. ముందు ప్యాడ్లేసినోడు గ్రీజెయ్యనేదు" అన్నాడు.

ప్యాడ్లని పట్టుకుని ఉండే భాగం కాలిపర్. మా బండి లాంటి వాటిలో దానికి నొక్కే పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడుని నొక్కుతుంది, కాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడుని లాగి డిస్కుకి పట్టిస్తుంది. ఆ పిన్నులు ఎండిపోతే బరువంతా లోపలి ప్యాడు మీదే. రిమ్ము సందులోంచి తొంగిచూస్తే కనిపించేది బయటి ప్యాడు. అది చూసి బాగానే ఉందనుకుని తిరిగాను నేను. అంతకుముందు ప్యాడ్లు వేసిన చోట పిన్నులు తీసి తుడిచారా అని అడగనూ లేదు. మీరు మాత్రం అడగండి. రబ్బరు పాడవకుండా సిలికాన్ గ్రీజే వెయ్యమనండి.

ఇక కొలతలు. కొత్త ప్యాడు మీద మందు సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లుంటుంది, వెనక రేకు లెక్కలోకి రాదు. 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చెయ్యడమే. డిస్కుకి ఇంత తగ్గకూడదని ఒక మందం ఉంటుంది, అంచు మీదో మధ్య భాగం మీదో 'మిన్' అని చెక్కి ఉంటుంది. మా దాని మీద 18 అని ఉంది, కొత్తప్పుడు 20. మేస్త్రీ మైక్రోమీటరు పెడితే ఎడమది 19.1 వచ్చింది. కుడిది గీతలు పోయేలా లేతు మీద చెక్కిస్తే 18 కిందికి పోయేలా ఉంది. అందుకే రెండూ మార్చాను, ఒక్క వైపే మారిస్తే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగొచ్చు. గీతలు అంత లోతుగా లేకపోతే ఆ డిస్కులతోనే ఇంకో జత ప్యాడ్లు లాగించేవాణ్ణి. మామూలుగా ఒక డిస్కు రెండు జతల ప్యాడ్లకి తక్కువ రాదు.

స్టీరింగు ఒణుకుతోందని డిస్కు మార్చమంటే మాత్రం కాస్త ఆగండి. డిస్కు కూర్చునే హబ్బు మీద తుప్పు పొర ఉన్నా ఒణుకుతుంది. అది గీకకుండా కొత్త డిస్కు వేస్తే మళ్లీ అదే కథ. కళింగపట్నం వైపు ఉంటే ఉప్పు గాలికి తుప్పు ఇంకా తొందర. వాన తర్వాత డిస్కు మీద ఎర్రగా కనిపించే పొర గురించి బెంగ వద్దు, నాలుగు బ్రేకులకి పోతుంది.

ఏవి కొనాలంటే, నేను వేసింది కంపెనీ ప్యాడ్లే. బాష్, రానే, బ్రెంబో లాంటివీ మన వైపు దొరుకుతాయి, మీ మోడలుకి సరిపోయేది ఉంటే తీసుకోవచ్చు. సిరామిక్ ప్యాడ్లు శబ్దం చెయ్యవు, రిమ్ములకి నల్ల పొడి తక్కువ, ధర ఎక్కువ. లోహం ఎక్కువున్నవి వేడికి ఆగుతాయి గానీ డిస్కుని తినేస్తాయి, పొద్దున్నే కీచుమంటాయి. ఊళ్లో తిరిగే బండికి అవి దండగ. చిల్లులున్న డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, అంతే. పేరులేని డబ్బాలో సగం ధరకి వచ్చే ప్యాడ్లు మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

వేయించాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు కొట్టకండి. నేనైతే పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10కి మెల్లగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు చేశాను. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటి ఉంటే అదే చేత్తో మార్పించెయ్యండి, అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. నీరు పట్టిన ఆయిల్ ఘాటు రోడ్డు వేడికి మరిగితే పెడలు కిందికి దిగిపోతుంది. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పొయ్యమనండి.

రేపు వెళ్లినప్పుడు చక్రం విప్పించి, మీ ఎదురుగానే లోపలి ప్యాడూ డిస్కూ కొలిపించండి. డిస్కు అంకె ఎంత వచ్చిందో, 'మిన్' ఎంత ఉందో ఇక్కడ రాస్తే మార్చాలో వద్దో చెబుతాను.