ఐ5 అన్న మాట చాలదు, పూర్తి నంబరు అడగండి

ప్రశ్న: స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాను. బ్యాంకు పనులు, తెలుగులో ఉత్తరాలు రాసుకోవడం, దూరాన ఉన్న పిల్లలతో వీడియో కాల్స్, ఇంతే నా అవసరం. చూపు తగ్గింది కాబట్టి పెద్ద తెర కావాలి. విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు ఐ5 కంప్యూటర్‌కి చెప్పిన ధర, ఇంకో షాపులో ఐ3కి చెప్పిన దాంట్లో సగమే ఉంది. పెద్దది చవకెలా అయిందండీ?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఐ3, ఐ5 అనేవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో (కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్పుల్లో) తరగతులు మాత్రమేనండి. ప్రాసెసర్ ఏ కాలం నాటిదో ఆ తర్వాత వచ్చే అంకెలు చెబుతాయి. ఐ5-3470 అంటే మూడో తరం, 2012 నాటిది. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. పేరులో అంకె చిన్నదైనా రెండోదే చాలా వేగంగా పనిచేస్తుంది. పాత ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన ప్రాసెసర్‌ని కొత్త క్యాబినెట్‌లో బిగించి అమ్మడం మామూలే. మీకు చెప్పిన చవక ధర అలాంటిదే కావచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ఉండాలి. పాతదాంట్లో దొడ్డిదారిన ఎక్కించి ఇస్తారు గానీ, అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. బ్యాంకు పనులు చేసుకునే మీరు అలాంటిది కొననే వద్దు.

మీ అవసరానికి పన్నెండో తరం ఐ3, 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) చాలు. ర్యామ్ ఒకే ముక్కగా తీసుకుంటే రెండో స్లాటు ఖాళీగా ఉంటుంది, రేపు ఇంకో 8 వేసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. విండోస్ హార్డ్‌డిస్క్‌లో ఉంటే ఎంత మంచి ప్రాసెసరైనా ఆన్ అవడానికే నిమిషాలు పడుతుంది. నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే (12100ఎఫ్ లాగా) అందులో గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు కొంటే తప్ప తెర వెలగదు. మానిటర్ 24 అంగుళాలది, 1920×1080 ఉన్నది తీసుకుని, హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే కలపమనండి.

చాలామంది ఇంటికొచ్చాక గానీ గమనించని సంగతి ఒకటుంది. మామూలు డెస్క్‌టాప్‌కి కెమెరా, మైకు ఉండవు. చాలా మదర్‌బోర్డులకి (భాగాలన్నీ బిగించే ప్రధాన పలకలకి) వైఫై కూడా ఉండదు. వెబ్‌క్యామ్, స్పీకర్లు, యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ధర కలిపాకే రెండు షాపుల లెక్కా పోల్చండి.

డబ్బు కట్టేముందు అక్కడే ఆన్ చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి ‘పర్ఫార్మెన్స్’ తెరిస్తే ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎన్ని స్లాట్లలో ఉందో, డిస్క్ ఎస్‌ఎస్‌డీయో కాదో కనిపిస్తాయి. 512 జీబీ అన్నది అక్కడ దాదాపు 477గా కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబర్లు జీఎస్‌టీ బిల్లు మీద రాయించండి. ‘అసెంబుల్డ్ సిస్టమ్ – 1’ అని ఒక్క ముక్కలో రాసిన బిల్లు వారంటీ రోజున అక్కరకు రాదు.

తెలుగు కోసం ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లోకి వెళ్లి తెలుగు చేర్చి, ‘ఫొనెటిక్’ కీబోర్డు ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. నెల రోజులు ఊళ్లో లేకుండా వచ్చి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది. కొత్తది కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: తొందరపడకండమ్మా. ఉప్పుగాలికి, తేమకు ర్యామ్ అంచున ఉండే లోహపు పట్టీల మీద పొర కట్టి ఇలా అవుతుంటుంది. ముందు మానిటర్ కేబుల్ రెండు చివర్లా గట్టిగా ఉందో లేదో చూడండి. తర్వాత ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ పక్కరేకు తీసి, క్లిప్పులు వెనక్కి నొక్కి ర్యామ్ బయటికి తీయండి. పెన్సిల్ రబ్బరుతో బంగారు రంగు పట్టీలను మెల్లగా రుద్ది, రబ్బరు పొడి దులిపి, క్లిప్పు టక్కుమనేదాకా మళ్లీ నొక్కండి. గాటు సరిపోయే వైపే అది దిగుతుంది, బలవంతం చేయొద్దు. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

బాగుపడ్డాక వారానికి రెండుసార్లయినా గంటసేపు ఆన్ చేసి ఉంచండి, ఆ వేడికి తేమ ఆరుతుంది. సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టొద్దు. గుడ్డ కప్పేది ఆపేశాకే.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మళ్లీ యూపీఎస్ ఎందుకు? క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోంది కూడా.
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మీ ఇన్వర్టర్‌కి ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉంటే అందులో పెట్టి చూడండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ కాకపోతే యూపీఎస్ అక్కర్లేదు. రీస్టార్ట్ అవుతుంటే మాత్రం 600 వీఏ సామర్థ్యం ఉన్న యూపీఎస్ సరిపోతుంది. పని సేవ్ చేసుకుని ఆపేంత సమయం ఇస్తుంది. లేజర్ ప్రింటర్‌ని దానికి తగిలించొద్దు.

జివ్వుమనడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి కొలిపించండి. 3 వోల్టులు దాటితే ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు నేలలో కలిపే గొయ్యి) నుంచి వైరు దాకా సరిచేయించి, ఆ తర్వాతే కంప్యూటర్ వాడండి.