మంచు తుఫాను వెలిసిన మర్నాడు అడవిలో నడవవచ్చా?

రాత్రంతా భారీగా మంచు కురిసి తెల్లవారేసరికి ఆగిపోతే, ఆ ఉదయమే ఊరి పక్కనున్న అడవిలోకి నడకకు వెళ్ళవచ్చా, వెళితే వేటి విషయంలో జాగ్రత్తపడాలి అని మీరు అడిగారు. మంచు దేశంలో గడిపిన శీతకాలాల్లో ఇటువంటి నడకలు ఇష్టంగా నడిచాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను. తప్పకుండా వెళ్ళండి, కానీ మంచు ఆగిన వెంటనే మాత్రం వద్దు. కనీసం ఒక పూట, వీలుంటే ఒక రోజు ఆగండి. కొత్తగా నడిచేవారు జారి పడతామేమోనని కాళ్ళ కిందికే చూస్తూ ఉంటారు గాని, తుఫాను వెలిసిన అడవిలో అసలు ప్రమాదం తల మీద ఉంటుంది.

అప్పుడే కురిసిన పొడి మంచు ఒక ఘనపు మీటరుకు సుమారు 50 నుంచి 100 కిలోలే తూగుతుంది, కాని ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కురిసే తడి మంచు 200 కిలోలు కూడా దాటుతుంది, పైగా అది కొమ్మలను అంటుకుని వదలదు. స్ప్రూస్, ఫర్ వంటి చెట్ల కొమ్మలు బరువుకు కిందికి వాలి మంచును జారవిడుస్తాయి, అందువల్లే అవి సాధారణంగా విరగకుండా తట్టుకుంటాయి. అయితే ఆ జారవిడవడం మెల్లగా జరగదు. ఒక మధ్యాహ్నం నా కళ్ళెదుటే ఒక స్ప్రూస్ చిటారుకొమ్మ నుంచి గుప్పెడు మంచు కింది కొమ్మ మీద పడింది, ఆ కొమ్మ ఊగి తన మీది మంచునంతా మరో కొమ్మ మీద పోసింది, అలా రెండు మూడు క్షణాల్లో చెట్టు మొత్తం ఖాళీ అయింది. ఆ తరువాత దగ్గరికి వెళ్ళి చూస్తే మొదలు చుట్టూ మోకాలి లోతు గుంటలు పడి ఉన్నాయి, వాటిలోని మంచుగడ్డలు బూటుతో తన్నినా పగలనంత గట్టిపడ్డాయి. అటువంటి గడ్డ మెడ మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకంటే భయపడవలసింది ఎండిపోయిన కొమ్మలకు, సగం విరిగి పైన చిక్కుకుని వేలాడుతున్న కొమ్మలకు. తుఫాను తరువాత గాలి లేచినప్పుడు, మధ్యాహ్నపు ఎండకు మంచు సడలినప్పుడు అవి రాలుతాయి. ఒక పూట ఆగమని చెప్పడానికి కారణం ఇదే: రాలవలసినవి చాలావరకు మీరు వెళ్ళకముందే రాలిపోతాయి. వెళ్ళిన తరువాత కూడా విశ్రాంతికి చెట్టు మొదట్లో కాకుండా ఖాళీ జాగాలో నిలబడండి. బర్చ్ వంటి సన్నని చెట్లు విల్లులా వంగి, వాటి కొనలు మంచులో కూరుకుపోయి ఉంటాయి. దారికి అడ్డంగా ఉన్నాయి కదా అని వాటిని దాటబోయి కొనను కదిలిస్తే, మాను ఒక్కసారిగా పైకి లేచి కొడుతుంది. వాటిని చుట్టుకుని వెళ్ళడమే మేలు.

ఇక నడక సంగతి. మోకాలి లోతు మంచులో మామూలు వేగంలో మూడో వంతు కూడా సాగదు, అంటే రోజూ అరగంటలో ముగించే దారికి గంటన్నర పట్టవచ్చు. స్నోషూలు, అంటే బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, బరువును పరచి కూరుకుపోవడాన్ని తగ్గిస్తాయి గాని, మెత్తటి మంచులో వాటితో కూడా కొంత దిగబడక తప్పదు. ముందు నడిచేవారికే శ్రమ ఎక్కువ కాబట్టి ఇద్దరు ముగ్గురు ఉంటే వంతులు మార్చుకోవాలి. చేతిలో ఒక కర్ర ఉంచుకుని అడుగు వేసే చోట గుచ్చి చూడండి, ఎందుకంటే పడిపోయిన మానులు, గోతులు, వాగులు అన్నీ ఒకే తెలుపు కింద దాగి ఉంటాయి. నిలిచిన నీటి మీద గట్టి, స్వచ్ఛమైన మంచుగడ్డ 10 సెంటీమీటర్ల మందం ఉంటే ఒక మనిషిని మోస్తుందని చెబుతారు, కాని పారే వాగుకు ఆ లెక్క పనికిరాదు. పైగా మీద పేరుకున్న మంచు దుప్పటి చలిని లోపలికి పోనివ్వక గడ్డను పలుచగానే ఉంచుతుంది. వాగును వంతెన ఉన్న చోటే దాటండి.

బట్టల విషయంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే: నూలు బట్ట ఒంటికి తగలకూడదు. ఈ నడకలో చెమట బాగా పడుతుంది, నూలు దాన్ని పీల్చుకుని ఆరదు, ఆగిన ఐదు నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. బయలుదేరేటప్పుడు కాస్త చలిగా అనిపించేటట్లే పొరలు వేసుకుని, ఆగినప్పుడు ఇంకొక పొర వేసుకోండి. దాహమేస్తే మంచు తినవద్దు. సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము మంచు కరగడానికే దాదాపు 80 కేలరీల వేడి కావాలి, అదే వేడి ఒక గ్రాము నీటిని 0 నుంచి 80 డిగ్రీలకు చేర్చగలదు. ఆ వేడంతా మీ ఒంట్లోంచే పోవాలి. ఫ్లాస్కులో వేడి పానీయం తీసుకువెళ్ళండి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా చతికిలబడుతుంది కనుక దాన్ని లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచుకోండి.

రోజూ నడిచే దారే అయినా ఆనవాలు పట్టలేకపోవచ్చు. గాలి వీచిన వైపు మానులకు మంచు అతుక్కుని దారి గుర్తులు కప్పుకుపోతాయి, వంగిన కొమ్మలు బాటను మూసేస్తాయి, మబ్బు పట్టిన రోజున నీడలే లేక ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. మీ అడుగుజాడలే తిరుగుదారి అవుతాయి గాని, గాలి ఉంటే అవి కూడా పూడుకుపోతాయి. అందువల్ల ఎంత దూరం వెళ్ళాలో కాక ఎన్ని గంటలకు వెనుదిరగాలో ముందే నిర్ణయించుకోండి. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు చివరలో పగలు సుమారు 6 గంటలే ఉంటుంది.

ఒక రోజు ఆగడంలో ఇంకొక లాభం కూడా ఉంది, నిజానికి నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. తుఫాను వెలిసిన వెంటనే జంతువులు చాలావరకు కదలవు, మర్నాటికి అడవంతా జాడలు కనిపిస్తాయి. కుందేలు జాడలో పెద్దవైన వెనుక పాదాల గుర్తులు ముందు, చిన్నవైన ముందరి పాదాల గుర్తులు వెనుక పడతాయి, ఇది తెలియనివారు అది వెళ్ళిన దిక్కును తలకిందులుగా చదువుతారు. నక్క వెనుక పాదాన్ని ముందరి పాదపు గుర్తులోనే మోపుతుంది కాబట్టి జాడ దారం పట్టినట్టు తిన్నగా సాగుతుంది. అడవి నిశ్శబ్దంగా ఉండడానికి కారణం కొత్త మంచులోని గాలి సందులు శబ్దాన్ని పీల్చుకోవడమే. మంచు గట్టిపడే కొద్దీ ఆ గుణం తగ్గుతుంది, కాబట్టి మరీ రెండు మూడు రోజులు ఆగమని మాత్రం అనను.

ఎండ కాస్తే నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి, ఎందుకంటే కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో దాదాపు 80 శాతాన్ని వెనక్కి కొడుతుంది. తోడున్నవారి మాట తడబడినా, జిప్పు పెట్టుకోలేక వేళ్ళు తడుముకున్నా హైపోథర్మియా (ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం) మొదలైందని భావించి, తడి బట్ట మార్చి, వెచ్చగా కప్పి, ఆలస్యం చేయకుండా వెనక్కి తీసుకురండి. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే మంచుతో గాని చేత్తో గాని రుద్దకుండా చంకలో పెట్టుకుని వెచ్చబరచండి, స్పర్శ తిరిగి రాకపోతే వైద్యుణ్ణి కలవండి. బయలుదేరే ముందు ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లోవారికి చెప్పి వెళ్ళండి.