కాలర్‌బోన్ విరిగి ఎనిమిది వారాలైంది, నొప్పి లేదు: మౌంటెన్ బైక్ పోటీకి వెళ్లవచ్చా?

మీరు అడిగింది ఇది: ట్రయల్‌లో, అంటే బైకులు తొక్కే కొండ దారిలో, పడి భుజాన్ని ఛాతీతో కలిపే కాలర్‌బోన్ విరిగి ఎనిమిది వారాలైంది, శస్త్రచికిత్స లేకుండా చేతిని వేలాడదీసే స్లింగ్‌తోనే నయం చేశారు, నొప్పి పోయింది, ఇంట్లో ట్రైనర్ మీద (సైకిల్‌ను కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) గంటసేపు హాయిగా తొక్కుతున్నారు, వచ్చే నెలలో ఉన్న క్రాస్ కంట్రీ పోటీకి పేరు నమోదై ఉంది, వెళ్లవచ్చా అని. ట్రయల్ మీదికి ఎప్పుడు వెళ్లాలో మీ ఎక్స్-రే చూసిన డాక్టరే చెప్పాలి. ఆ పోటీకి మాత్రం వెళ్లవద్దని నేను గట్టిగా చెబుతాను. నేను వైద్యుణ్ని కాను, సెలవు దినాల్లో తొక్కుతూ, పోటీల్లో ఎప్పుడూ మధ్య స్థానాల్లో ముగించే సాధారణ రైడర్‌ను. అయితే ఇదే ఎముక విరిగి, అతుక్కుని, మళ్లీ పోటీల్లో నిలబడినవాణ్ని కనుక కొంత చెప్పగలను.

ఇలాంటి ప్రశ్న కనబడగానే ఎవరో ఒకరు బ్రిటన్ సైక్లిస్టు టామ్ పిడ్‌కాక్ పేరు ఎత్తుతారు. 2021లో శిక్షణలో ఉండగా కారు ఢీకొని అతని కాలర్‌బోన్ విరిగిన మాట, ఆ తర్వాత రెండు నెలల లోపే టోక్యో ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ పోటీలో స్వర్ణం గెలిచిన మాట వాస్తవమే. కానీ అతనికి శస్త్రచికిత్స చేసి ప్లేటు బిగించారు, అంటే విరిగిన ముక్కలను మొదటి వారం నుంచే లోహం పట్టి ఉంచింది. మీ ఎముక తనంతట తాను అతుకు పెంచుకుంటూ వస్తోంది. రెండింటినీ ఒకే క్యాలెండర్‌తో కొలవడం అర్థం లేని పని. పైగా తొక్కడమే ఉద్యోగమైన మనిషికి ఫిజియోథెరపిస్టు, శిక్షకుడు, రోజంతా విశ్రాంతి తీసుకునే వీలు ఉంటాయి, మనకు మర్నాడు ఆఫీసు ఉంటుంది. పిడ్‌కాక్‌ను తలుచుకునేవారు అదే పోటీలో నెదర్లాండ్స్ రైడర్ మాథ్యూ వాన్ డెర్ పూల్‌కు ఏం జరిగిందో తలుచుకోరు. సాధనలో ఒక పెద్ద బండ కింద ఉన్న చెక్క ర్యాంపు పోటీ రోజున కూడా ఉంటుందనుకుని దిగి, అది లేకపోవడంతో ముందుకు బోర్లా పడి, చివరికి పోటీ నుంచి తప్పుకున్నాడు. అంత నైపుణ్యం ఉన్నవారు కూడా పడే ఆట ఇది. కాబట్టి పోటీకి వెళ్లే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న ‘తొక్కగలనా’ అన్నది కాదు, ‘ఇప్పుడు మళ్లీ పడితే ఈ ఎముక తట్టుకుంటుందా’ అన్నది.

ఎనిమిది వారాలకు నొప్పి పోవడం మంచి సూచనే, కానీ నొప్పి పోవడానికీ ఎముక పూర్తి బలం పుంజుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. కాలర్‌బోన్ సాధారణంగా మధ్య భాగంలో విరుగుతుంది, ఎందుకంటే అక్కడ అది సన్నగా ఉంటుంది, దాన్ని కప్పే కండ కూడా పెద్దగా ఉండదు. చేతిని మొండెంతో కలిపే ఎముక అదొక్కటే కనుక, భుజం నేలకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ దాని గుండానే ఛాతీ వైపుకు పోతుంది. విరిగిన చోట ముందు మెత్తని కణజాలం పెరుగుతుంది, తర్వాత అది గట్టిపడి చేతికి తగిలే బొడిపెగా మారుతుంది, ఆ తర్వాత నెలల తరబడి లోపల రూపు దిద్దుకుంటూనే ఉంటుంది. పెద్దవారిలో అతుకు పడడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది, పొగ తాగేవారిలో ఇంకా ఆలస్యమవుతుంది. కాబట్టి మీ ఎనిమిదో వారం ఆ గీతకు ఏ పక్కన ఉందో ఎక్స్-రే చెబుతుంది తప్ప మీ ఉత్సాహం చెప్పదు.

ట్రైనర్ మీద గంట తొక్కగలగడం నా దృష్టిలో దేనికీ రుజువు కాదు. ట్రైనర్ మీద బరువంతా సీటు మీద, పెడల్స్ మీద ఉంటుంది, చేతులు ఊరికే ఆనుకుని ఉంటాయి. వాలు మీద దిగేటప్పుడు సీటు వదిలి లేస్తాము, బ్రేకు పట్టిన ప్రతిసారీ శరీరం ముందుకు తోసుకుపోతుంది, ఆ తోపునంతా అరచేతులు, మోచేతులు, భుజాలు కాయాలి. దానికి తోడు రాళ్ల అదురు, ముందు చక్రాన్ని పట్టి ఉంచి అదురు తగ్గించే ఫోర్క్ మింగగా మిగిలింది, నేరుగా భుజంలోకి వస్తుంది. నన్ను చూసిన ఫిజియోథెరపిస్టు పెట్టిన పరీక్ష నాకు బాగా నచ్చింది. గోడకు ఎదురుగా నిలబడి, శరీరాన్ని ముందుకు వాల్చి, రెండు అరచేతులతో ఒక్కసారిగా ఆపుకోమన్నారు. నెమ్మదిగా చేసే పుష్‌అప్‌లు హాయిగా వస్తున్న రోజుల్లో కూడా ఆ ఆకస్మిక బరువుకు నా భుజం వెనక్కి తగ్గింది. వాలు మీద మీకు ఎదురయ్యేది అటువంటి బరువే.

ఇంతవరకు చెప్పింది ఏ వైద్యుడైనా చెబుతాడు. నేను ముఖ్యంగా చెప్పదలచింది భయం గురించి, ఎందుకంటే దాని గురించి ఎవరూ సరిగా మాట్లాడరు, మాట్లాడితే ‘ధైర్యం తెచ్చుకో’ అంటారు. నేను పడింది పోటీ చివరి ల్యాప్‌లో, తడిసిన చెట్టు వేళ్ల మీద. నా ముందున్న రైడర్ ఉన్నట్టుండి కాలు కింద పెట్టి ఆగిపోవడంతో బ్రేకు పట్టక తప్పలేదు, అడ్డంగా ఉన్న వేరు మీద ముందు చక్రం జారిపోయింది. అక్కడ పెద్ద వేగమూ లేదు, ఎత్తూ లేదు. డాక్టర్ అనుమతించాక, కొన్నాళ్లు చదును దారుల్లో తొక్కాక, ఒక ఉదయం నాకంటే చాలా ఏళ్లుగా తొక్కుతున్న ఒక అన్నతో కలిసి పాత ట్రయల్‌కు వెళ్లాను. అందులో మోకాలెత్తు రాతి మెట్టు ఒకటి ఉంది. విరగక ముందు దాన్ని నేను లెక్కలోకే తీసుకునేవాణ్ని కాదు. ఆ రోజు దాని అంచుకు రాగానే నా వేళ్లు రెండు బ్రేకులనూ బిగించేశాయి, బండి అంచు మీద ఊగి ఆగింది, నేను పక్కకు దిగిపోయాను. మళ్లీ వచ్చాను, మళ్లీ అదే జరిగింది.

ఇందులో అన్యాయం ఏమిటంటే, అటువంటి మెట్టు మీద భయమే ప్రమాదాన్ని తయారు చేస్తుంది. ఓ మోస్తరు వేగంతో వెళ్తే రెండు చక్రాలూ దాదాపు ఒకేసారి నేలను అందుకుంటాయి. అంచు దగ్గర వేగం చంపేస్తే ముందు చక్రం ఒక్కటే కిందికి జారి, బరువంతా హ్యాండిల్‌బార్ మీద పడి, మనిషి దాని మీదుగా ఎగిరిపోతాడు. ఈ సంగతి నాకు క్షుణ్ణంగా తెలుసు, నా వేళ్లకు తెలియదు. అన్న నాకు ధైర్యం చెప్పలేదు. ‘‘ఇవాళ నువ్వు దీన్ని దిగవద్దు. అంచుకు రెండు మీటర్ల ముందు నువ్వు అనుకున్న చోట ఆగి, వెనక్కి వెళ్లు. తర్వాత ఒక మీటరు ముందు ఆగు. ఆగడమే నీ పని’’ అన్నాడు. ఎందుకో అడగకుండా ఆ ఉదయమంతా అలా ఆగుతూనే గడిపాను, పక్కగా దాటిపోయేవాళ్లు జాలిగా చూస్తుండగా. మధ్యలో బండి పక్కన పడేసి, మెట్టు కింద నిలబడి పైకి చూశాను. కింద నుంచి చూస్తే అది నిజంగానే మోకాలెత్తే. మధ్యాహ్నానికి ఒక మార్పు వచ్చింది, బ్రేకు తనంతట తాను పడడం మానేసి, నేను పట్టినప్పుడే పడసాగింది. ఆ రోజు మెట్టు దిగకుండానే ఇంటికి వచ్చాను. ఆ తర్వాత మరో రోజు, అన్న వెనక చక్రానికి కొంచెం దూరంలో వెళ్తూ, మెట్టును కాకుండా అది దాటాక దారి తిరిగే మలుపును చూస్తూ దిగిపోయాను. చెప్పుకోదగ్గ సంఘటన కానంత మామూలుగా జరిగింది. ఎముక కంటే వేళ్లకు ఎక్కువ కాలం పడుతుందని నా నమ్మకం, దీన్ని ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

రైడ్ ముగియగానే ఏ వాలులో మన పాత సమయం కంటే ఎన్ని సెకన్లు వెనకబడ్డామో లెక్క తీసి చూపించే యాప్‌లు ఈ దశలో మనిషికి శత్రువులు. కోలుకుంటున్నవాడికి ‘మీ వేగం తగ్గుతోంది’ అని సందేశం పంపే యంత్రానికి బుద్ధి చెప్పలేము కనుక ఫోన్‌ను ఇంట్లో వదిలి వెళ్లడం ఒక్కటే మార్గమని ఒకప్పుడు అనుకున్నాను, కానీ అడవిలో ఒంటరిగా పడితే ఫోన్ కావాలి. కాబట్టి ఫోన్ ఉంచుకుని యాప్ తీసేయండి. మరొకటి, పడినప్పుడు మీ హెల్మెట్ నేలకు తగిలి ఉంటే దాన్ని మార్చండి, పైకి పగులు కనబడకపోయినా సరే. లోపలి ఫోమ్ ఒక్కసారి నలిగి దెబ్బను మింగడానికి చేసినది. అలాగే ఆ రోజు చేయి చాచి పడి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఇప్పటికీ నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్-రేలో ఏమీ లేదన్నారని ఊరుకోకండి. అక్కడి చిన్న ఎముక విరుగు తొలి ఎక్స్-రేలో తరచుగా కనబడదు, దానికి రక్త ప్రసారం తక్కువ కనుక నిర్లక్ష్యం చేస్తే ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. కాలర్‌బోన్ నొప్పి గోలలో మణికట్టును మరిచిపోయిన రైడర్లను నేను చూశాను.

ఇక పోటీ సంగతి. ఎన్‌డ్యూరో అనే మరో రకం మౌంటెన్ బైక్ పోటీ కంటే క్రాస్ కంట్రీ భద్రమని, గాయం తర్వాత దానితోనే మొదలుపెట్టాలని చాలామంది అంటారు. నేను దీనికి పూర్తి వ్యతిరేకిని. క్రాస్ కంట్రీలో అందరూ ఒకేసారి బయలుదేరి, మొదటి ఇరుకు దారిలోకి ముందుగా దూరాలని తోసుకుంటారు. అక్కడ మీ భుజం భద్రత మీ చేతిలో ఉండదు, పక్కవాడి మోచేతిలో ఉంటుంది. ఎన్‌డ్యూరోలో ట్రయల్ కష్టంగా ఉన్నా ఒక్కొక్కరినే వదులుతారు, దిగే భాగాలకే సమయం లెక్కిస్తారు, భయం వేసిన చోట దిగి నడిచినా వెనక నుంచి వచ్చి గుద్దేవాడు అరుదు. కాబట్టి ఇప్పుడు నమోదైన పోటీని నిర్వాహకులు తర్వాతి తేదీకి మారుస్తారేమో అడగండి, మార్చకపోతే ఆ రుసుము పోయిందనుకోండి. అతుకు గట్టిపడిందని డాక్టర్ చెప్పి, గోడ పరీక్షలో భుజం నిలిచి, మీ ట్రయల్‌లో మిమ్మల్ని ఆపుతున్న చోటు ఏదైతే ఉందో అది దాటాక, సులభమైన ట్రయల్ ఉన్న ఒక ఎన్‌డ్యూరో చూసుకుని వెళ్లండి. అప్పటికీ క్రాస్ కంట్రీయే కావాలంటే, బయలుదేరే చోట చివరి వరుసలో నిలబడి, ఆ గుంపు మొదటి ఇరుకు దారిలోకి పూర్తిగా వెళ్లిపోయాక తొక్కడం మొదలుపెట్టండి.