పశువుల డాక్టరు చదువు ఆడపిల్లకు ప్రమాదమా? పెట్ క్లినిక్ అయితే సేఫా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా పాప బైపీసీ చదివింది. నీట్‌లో ఎంబీబీఎస్ ర్యాంకు రాలేదు కానీ బీవీఎస్సీ (పశువైద్యం) సీటు వచ్చేలా ఉంది. తను సంతోషంగానే ఉంది, మాకే టెన్షన్. మాకు రెండు బర్రెలున్నాయి, నిరుడు ఒకటి తన్నితే నేను నెల రోజులు మంచం దిగలేదు. రేపు పాపను తంతే? పిచ్చికుక్క కరిస్తే? రోగాలు అంటుకుంటే? పాపేమో హైదరాబాద్‌లో పెట్ క్లినిక్‌లో చేస్తే ఆ భయమే ఉండదు అంటుంది. పశువుల దవాఖాన, పెట్ క్లినిక్, ఈ రెండింటిలో ఏది సేఫ్? లేదంటే బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పించాలా?

జవాబు: అన్నా, ముందు జవాబు చెప్పేస్తాను, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. సీటు వస్తే చేర్పించండి. రాజేంద్రనగర్ పశువైద్య కాలేజీ అయినా, కోరుట్లది అయినా, మామునూరుది అయినా సరే. మీ పాపకు ఇష్టం ఉంది, సైన్స్ చదివింది, పశువుల కొట్టంలో పెరిగింది. ఇంతకన్నా ఏం కావాలి?

ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడూ కౌన్సెలింగ్ రోజుల్లో వస్తుంది. నల్లగొండ నుంచి, కల్వకుర్తి నుంచి, నారాయణపేట నుంచి. కొడుక్కి సీటు వస్తే తండ్రులు అడిగేది "గవర్నమెంటు పోస్టులు పడతాయా సార్" అని. బిడ్డకు వస్తే "తంతే ఎట్లా సార్" అని. బర్రె తన్నితే తగిలే దెబ్బ ఇద్దరికీ ఒకటే కదా. మీ భయం అబద్ధమని అనడం లేదు, నెల రోజులు మంచంలో ఉన్న మనిషికి ఆ భయం ఉండదా? కానీ ఆ భయంతో బిడ్డ చదువును ఆపే ముందు మీ సొంత కొట్టంలోకి ఒకసారి చూడండి.

మీ ఇంట్లో బర్రె ఈనాక మాయ పడకపోతే చేయి పెట్టి లాగేది ఎవరు? చాలా ఇళ్లలో ఇంటి ఆడవాళ్లే, లేదంటే ఊళ్లో చేయి తిరిగిన పెద్దమనిషి, అదీ ఉత్త చేతులతో. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో బర్రె ఈసుకుపోతే ఆ పిండాన్ని, ఆ మాయను ఎత్తి పెంట మీద పారేసేదీ ఉత్త చేతులతోనే. అది ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్ వల్ల అయితే ఆ మాయలో, ఆ ద్రవాల్లో సూక్ష్మజీవులు కుప్పలుగా ఉంటాయి. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, లోపలికి పోతాయి. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, రాత్రుళ్లు చెమటలు పడతాయి, నడుము, కీళ్లు పట్టేస్తాయి. టైఫాయిడ్ అనుకుని మందులు మార్చి మార్చి వాడుతుంటారు, అసలు రోగం ఏమిటో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇంట్లో బర్రె ఈసుకుపోయిందన్న సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పరు. పచ్చిపాలు తాగినా ఇదే రోగం వస్తుంది. మీరు బిడ్డ గురించి భయపడుతున్న ప్రమాదం ఇన్నేళ్లూ మీ ఇల్లాలి చేతుల్లో ఉంది, అప్పుడు మీరు నాకు ఉత్తరం రాయలేదు. గట్టిగా అంటున్నానని తెలుసు. అయినా అనాల్సిందే. మీ పాప చదువుకుని వస్తే, భుజం దాకా వచ్చే గ్లౌజు వేసుకుని ఆ కొట్టంలో అడుగుపెట్టే మొదటి మనిషి అవుతుంది.

ఇక తన్నే సంగతి. ఆవు, బర్రె గుర్రంలా నేరుగా వెనక్కి తన్నవు, కాలును ముందుకు తెచ్చి పక్కకు విసురుతాయి. అందుకే పక్కన నిలబడ్డాం కదా అని ధైర్యంగా ఉన్నవాడికే తగులుతుంది. మీకు ఎలా తగిలిందో మీరు రాయలేదు కానీ బహుశా పొదుగు దగ్గరో, తొడ పక్కనో నిలబడి ఉంటారు. ఎక్కడ నిలబడాలి, తల ఎలా కట్టాలి, ముక్కుతాడు ఎవరు పట్టుకోవాలి, వెనక కాళ్లకు తాడు ఎలా వేయాలి, చూడి పశువును ఎంతవరకు ఇబ్బంది పెట్టొచ్చు, ఇవన్నీ కాలేజీలో నేర్పే పాఠాలే. ట్రెవిస్, అంటే పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప పైపుల చట్రం, ఉన్న దవాఖానలో పశువు అందులోకి వెళ్లాకే డాక్టరు చేయి వేస్తారు. ఆ మధ్య జడ్చర్ల వైపు ఒక పల్లెలో సన్నగా, పొట్టిగా ఉన్న ఒక ఇంటర్న్‌షిప్ అమ్మాయిని చూశాను. మొండిగా ఎగురుతున్న ఎద్దు దగ్గరకు నేరుగా వెళ్లకుండా ముందు రైతును పలుపు కురచగా కట్టమంది, చుట్టూ గుమికూడిన పిల్లల్ని దూరం పంపింది, తనకు పారిపోయే దారి ఉందో లేదో చూసుకుంది, తర్వాతే దగ్గరకు వెళ్లింది. బలంతో చేసే పనే అయితే ఊళ్లో ఆమె కంటే బలమైన మగవాళ్లు పదిమంది అక్కడే ఉన్నారు, వాళ్లలో ఒక్కరికీ ఆ వరుస తెలియదు.

పిచ్చికుక్క గురించి అడిగారు. నిజంగా భయపడాల్సింది రేబిస్ గురించే, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. కానీ ఇంత భయంకరమైన రోగానికి ముందే వేయించుకునే టీకా ఉంది, అదే పశువైద్య విద్యార్థికి అన్నిటికన్నా పెద్ద రక్ష. ముందే కోర్సు పూర్తి చేసుకున్నవాళ్లను కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు ఒకటి, మూడో రోజు ఒకటి, రెండు సూదులు వేయించుకుంటే సరిపోతుంది, ఇమ్యునోగ్లోబ్యులిన్ (రోగంతో పోరాడే రెడీమేడ్ యాంటీబాడీల మందు) అవసరం ఉండదు. టీకా లేనివాళ్లకు గాయం లోతుగా ఉంటే మొత్తం కోర్సుతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా గాయంలోకి ఎక్కించాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. రేబిస్ కుక్కలకే కాదు, బర్రెలకూ వస్తుంది. మేత తినదు, నీళ్లు మింగలేదు, నోట్లోంచి చొంగ కారుతుంటుంది, గొంతు మారిపోయి వింతగా అరుస్తుంది. ఇంటివాళ్లు ఏమంటారు? "గొంతులో ఏదో అడ్డం పడింది, చేయి పెట్టి చూడండి డాక్టరు గారూ" అంటారు. ఆ మాట మీద ఉత్త చేయి నోట్లో పెట్టడమే ఈ వృత్తిలో అతి పెద్ద పొరపాటు. మంచి గురువు దగ్గర చదివిన పిల్ల ముందు "ఈ మధ్య ఊళ్లో కుక్క ఏమైనా కరిచిందా" అని అడుగుతుంది. అలాగే గొర్రో మేకో ఉన్నట్టుండి చచ్చిపడి ముక్కులోంచి, మలద్వారంలోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దాన్ని కోయదు, కోయనివ్వదు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాల్సిందే. మన వైపు పల్లెల్లో ఇన్ని గొర్రెల మందలున్నాయి, చచ్చినదాన్ని కోసి పంచుకునే అలవాటు ఇంకా ఉంది, ఆ మాట ఊరికి చెప్పగలిగే మనిషి మీ ఇంట్లోనే తయారవుతుంటే వద్దంటారా?

ఇప్పుడు పెట్ క్లినిక్. మీ పాప ఈ ఒక్క విషయంలో పొరపాటు పడుతోంది, మీరూ ఆమెతోపాటే. బైపీసీ పిల్లల్లో ఇప్పుడు ఇదే మోజు. ఏసీ గది, తెల్ల కోటు, ఒళ్లో చిన్న కుక్కపిల్ల, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్. చూడటానికి బాగుంటుంది, నాకు మాత్రం చాలా అనుమానాలున్నాయి. బర్రె దగ్గర డాక్టరు భయంగా ఉంటాడు కాబట్టి జాగ్రత్తగా ఉంటాడు. నాలుగు కిలోల పిల్లిని చూసి ఎవరు భయపడతారు? పిల్లి పళ్లు సూదుల్లా ఉంటాయి, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల కీలు దాకా దిగుతుంది, పైన మూసుకుపోయి లోపల చీము పడుతుంది. నేను సలహా ఇచ్చి పంపిన ఒక అమ్మాయే నగరంలో ఒక క్లినిక్‌లో చేరిన కొత్తలో ఇలాగే వేలు మీద కరిపించుకుంది. యజమాని "ఇదంతా మామూలే" అని సాయంత్రం దాకా పని చేయించాడు. మర్నాటికి చెయ్యి ఉబ్బింది, దవాఖానలో చేరాల్సి వచ్చింది, ఖర్చు ఆమె తండ్రే పెట్టుకున్నాడు. ఆ తండ్రి కూడా మీలాగే నన్ను "పెట్ క్లినిక్ సేఫే కదా సార్" అని అడిగినవాడే. అప్పుడు నేను గట్టిగా హెచ్చరించలేదు, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

కరవడం ఒక్కటే కాదు. చిన్న క్లినిక్‌లో మనిషి తక్కువ, రాత్రి డ్యూటీ కొత్తగా చేరిన పిల్లలకే వేస్తారు. కుక్కకు ఎక్స్‌రే తీసేటప్పుడు కదలకుండా పట్టుకోవడానికి వాళ్లనే నిలబెడతారు. రోజుకు ఒకటీ రెండే అయినా నెలలకు నెలలు అలా నిలబడితే ఆ రేడియేషన్ లెక్క ఎవరు రాస్తున్నారు? సీసం ఏప్రాన్, మెడకు థైరాయిడ్ కాలర్, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఉండాలి. ఏప్రాన్ ఉన్నా చేతులు నేరుగా కిరణాల దారిలో పెట్టకూడదు, ఎందుకంటే ఏప్రాన్ ఆపేది చెదిరి వచ్చే కిరణాలనే. కుక్కకు మత్తిచ్చి ఇసుక సంచులతో ఆనించి మనిషి దూరంగా ఉండటమే సరైన పద్ధతి. సర్జరీ గదిలో ఐసోఫ్లూరేన్ మత్తువాయువు లీకయి గదిలోనే తిరుగుతుంటే తలనొప్పి, వికారం వస్తాయి, దాన్ని బయటికి లాగే గొట్టం ఉందో లేదో ఎవరూ అడగరు. ఇక సూదుల సంగతి, వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టబోయి గుచ్చుకోవడం నేను విన్న ప్రమాదాల్లో అన్నిటికన్నా ఎక్కువ. వాడిన సూది నేరుగా, సూదులు బయటికి దిగని గట్టి డబ్బాలో పడాలి, మూత పెట్టకూడదు. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు 2016 నుంచి కొత్తగా అమల్లోకి వచ్చాయి, పశువుల దవాఖానలూ పెట్ క్లినిక్‌లూ వాటి కిందకే వస్తాయి. మామూలు చెత్తబుట్టలో సిరంజీలు కనిపించిన క్లినిక్‌లో మీ పాప చేరకూడదు, జీతం ఎంత ఇస్తామన్నా సరే.

గవర్నమెంటు దవాఖానల్లో అంతా బాగుందని కూడా అనను. ట్రెవిస్ తుప్పుపట్టి ఉంటుంది, గ్లౌజులు అయిపోయి ఉంటాయి, సాయానికి ఉండాల్సిన అటెండరు పోస్టు ఖాళీగా ఉంటుంది. టీకాల క్యాంపుల్లో ఒకే రోజు వందల పశువులకు సూది వేస్తుంటే అలసిపోయి తన చేతికే గుచ్చుకోవచ్చు. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు వేసే బ్రూసెల్లా టీకాలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది, అది గుచ్చుకుంటే వెంటనే కడిగి, మనుషుల డాక్టరు దగ్గరకు వెళ్లి టీకా పేరు చెప్పాలి. నూనెతో చేసిన గాలికుంటు టీకా వేలికి దిగితే చుక్క రక్తమే కదా అని వదిలేయకూడదు, వేలు పోయే ప్రమాదం ఉంటుంది. ఎద సూదుల వీర్యం ఉంచే డబ్బాలో ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల చల్లదనంలో ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది, తలుపులు మూసిన కారులో లీకయితే ఊపిరి ఆడదు.

మీరు రాయలేదు కానీ మీ ఇంట్లో ఆడవాళ్లు తప్పకుండా అనుకుని ఉంటారు, రేపు పెళ్లయి కడుపుతో ఉంటే ఏమిటని. అది సరైన ప్రశ్న, నేను కొట్టిపారేయను. ఎద కోసం పశువులకు వాడే ప్రోస్టాగ్లాండిన్ మందు చర్మం మీద పడినా లోపలికి ఇంకి గర్భానికి ముప్పు తేగలదు. ఎక్స్‌రే, మత్తువాయువు, ఈసుకుపోయిన పశువుల పని కూడా ఆ నెలల్లో వద్దు. గర్భం నిలిచిందని తెలిసిన రోజే పై అధికారికి చెప్పి ఆ పనులు మార్పించుకోవాలి. ఎంతోమంది డాక్టరమ్మలు ఇలాగే పిల్లల్ని కని మళ్లీ పనిలోకి వచ్చారు, వస్తున్నారు.

నర్సింగ్ గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. అక్కడ తన్నే బర్రె ఉండదు, సూది గుచ్చుకోవడం ఉంటుంది, హెపటైటిస్ బి ఉంటుంది, రాత్రి డ్యూటీలు ఉంటాయి. ఇష్టపడి చేరే పిల్లకు అది మంచి చదువు. మీ పాపకు అది ఇష్టమని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. భయంతో వేరే చదువులో పడేస్తే రేపు ఆ కాలేజీ నుంచి కూడా నాకు ఇంకో ఉత్తరం వస్తుంది, అది పాప రాస్తుంది.

రెండింటిలో ఏది సేఫ్ అని అడిగారు, ఒక్కటి తేల్చి చెప్పమంటే చెప్పలేను. మొదటి రెండేళ్లు అనుభవమున్న డాక్టరు పక్కన పనిచేసే చోటు ఏదైతే అదే మేలు, అది పల్లె దవాఖాన కావచ్చు, 1962కు ఫోన్ చేస్తే ఊరికొచ్చే పశువుల అంబులెన్స్ కావచ్చు, పెద్ద పెట్ హాస్పిటల్ కావచ్చు. చేరే ముందు నాలుగు మాటలు అడగమనండి: నాకు రేబిస్ టీకా ఎవరు వేయిస్తారు, కరిస్తే ఖర్చు ఎవరిది, రాత్రి నాతో ఇంకెవరుంటారు, ఎక్స్‌రే బ్యాడ్జి ఇస్తారా. జవాబు చెప్పడానికి విసుక్కునే యజమాని దగ్గర చేరొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, అడ్మిషన్ అయ్యాక కాలేజీ వాళ్లను అడిగి పాపకు రేబిస్ టీకా కోర్సు, ధనుర్వాతం సూది మొదటి ఏడాదిలోనే పూర్తి చేయించండి. ఆ తేదీలున్న కార్డును ఫొటో తీసి మీ ఫోన్‌లో ఒకటి, ఆమె ఫోన్‌లో ఒకటి పెట్టుకోండి, కరిచిన రోజు డాక్టరు ముందు అడిగేది అదే. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు ఒక జత కొనిపెట్టండి. ఈలోపు మీ ఇంట్లో బర్రె ఈనితే మాయ కోసం ఎవరినీ ఉత్త చేయి పెట్టనివ్వకండి, 1962కు ఫోన్ చేయండి.