ఎన్నారై సందేహాలు: వెట్ ఫ్లైకి ఏ లైను కొనాలి?

ప్రశ్న: అన్నయ్యా, మాది విజయవాడ కృష్ణలంక. సియాటిల్ వచ్చి ఏడాదైంది. ఆఫీసు వాళ్లతో ఫ్లై ఫిషింగ్‌కి వెళ్లి, ఆరో నంబరు రాడ్ కొన్నాను. వెట్ ఫ్లైని, అంటే నీళ్లలో మునిగే ఈకల ఎరని, ఏటికి అడ్డంగా తిప్పే పద్ధతి నచ్చింది కానీ, షాపులో లైన్లు చూస్తే తల తిరిగింది. మే నెలలో ఇంటికొస్తున్నాను. ఇక్కడా అక్కడా పనికొచ్చే లైను చెప్పండి.

జవాబు: రెండు చోట్లకీ ఒకే లైను కోసం వెతక్కు తమ్ముడూ. చల్లటి నీళ్ల కోసం చేసిన లైను బెజవాడ ఎండకు మెత్తబడి జిగటగా తయారవుతుంది. ట్రాపికల్ అని రాసి ఉన్నది సియాటిల్ చలికి బిర్రబిగిసి చుట్టలు చుట్టుకుపోతుంది. చేపలు పట్టేది అక్కడే కాబట్టి చల్లనీళ్లదే కొను.

మన గాలానికి సీసపు గుండు కడతాం, దాని బరువుకే దారం దూరం పోతుంది. ఫ్లైకి అంత బరువెక్కడిది? కొక్కేనికి చుట్టిన ఈకలూ దారమే కదా. అందుకని లైను బరువే దాన్ని మోసుకెళ్లాలి. నీ రాడ్‌కి సరిపోయే ఆరో నంబరు లైనులో మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు, అంటే పది గ్రాములకు కాస్త ఎక్కువ ఉండాలి. కొన్ని కంపెనీలు అదే నంబరు వేసి బరువు పెంచి అమ్ముతాయి. అట్టపెట్టె మీద గ్రెయిన్లు చూసి కొను.

ఇక అసలు సంగతి. దిగువకు ఏటవాలుగా విసిరితే లైను బిగిసి, ఫ్లై ఏటికి అడ్డంగా వచ్చి నీకు సూటిగా దిగువన ఆగుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ రైవస్ కాలువలో చూసే ఉంటావు, నడుమ నీళ్లు ఉరుకుతుంటే గట్టు పక్కన నెమ్మదిగా పోతాయి. ఆ నడుమ వడికి లైను విల్లులా వంగి ఫ్లైని బరబరా ఈడ్చేస్తుంది. అప్పుడు రాడ్ కొసతో లైనును లేపి ఎగువకు వేయాలి, దాన్నే మెండింగ్ అంటారు. లైనులో లావుగా ఉన్న భాగం, అంటే హెడ్, రాడ్ కొస దగ్గర ఉంటేనే అది చెప్పినట్టు వింటుంది. వెనకాల ఉండే సన్నటి రన్నింగ్ లైను బయటికొచ్చేసిందా, ఎంత ఊపినా అవతలి కొస కదలదు. అందుకే పొట్టి హెడ్ ఉన్నవి వద్దంటాను. పొడవు హెడ్ ఉన్న వెయిట్ ఫార్వర్డ్ (బరువంతా ముందువైపు ఉండే) ఫ్లోటింగ్ లైను, అంటే నీటి మీద తేలేది తీసుకో, లేదా రెండు కొసలూ ఒకేలా సన్నబడే డబుల్ టేపర్. డబుల్ టేపర్ ఒక కొస అరిగితే తిప్పి రెండో కొస వాడుకోవచ్చు, మనలాంటి వాళ్లకు అదో లాభం.

లోతుకు దించాలంటే మరో లైను కొననక్కర్లేదు. ఫ్లోటింగ్ లైను చివర మునిగే లీడర్ (లైనుకీ ఫ్లైకీ మధ్య కట్టేది) ఒకటి తగిలించు, ట్రౌట్ చేపలకి చాలావరకు సరిపోతుంది. చలికాలం స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లొచ్చే ట్రౌట్) కోసం వెళ్లినప్పుడు సింక్ టిప్, అంటే మునిగే కొస సంగతి చూద్దాం. టైప్ 3 అంటే సెకనుకు సుమారు మూడు అంగుళాలు మునుగుతుందని, టైప్ 6 అంటే ఆరని. అది నిలవ నీటి లెక్క, ఏటి వడిలో అంత దిగదు.

స్కాజిట్ లైనని షాపువాడు ఊదరగొడతాడు. మీ ఉత్తరాన పారే స్కాజిట్ నది పేరే దానిది. బరువైన టిప్పులనూ పెద్ద ఫ్లైలనూ వెనక చోటు లేకపోయినా విసరగలదు, నిజమే. కానీ అది ఎక్కువగా రెండు చేతుల రాడ్‌తో వాడేది. నీకిప్పుడు దండగ.

మే నెలలో కాలువలు కట్టేసి ఉంటాయి కాబట్టి ప్రాక్టీసు ఏదైనా గడ్డి మైదానంలో చెయ్యి. కొక్కెం బదులు చిన్న ఊలు ముక్క కట్టు. డాబా మీద మాత్రం వద్దు, సిమెంటుకు లైను పూత గీరుకుపోతుంది. పాత లైను ఏదైనా ఉంటే దాంతోనే కానివ్వు. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో లైను ముట్టుకోకు, పూత కరుగుతుంది.

ఇంకోటి, బెండు మునగగానే ఎగలాగడం మనకు చిన్నప్పటి అలవాటు. వెట్ ఫ్లైతో అలా లాగితే చేప నోట్లోంచి ఫ్లై ఊడొస్తుంది. లైను బరువెక్కేదాకా ఆగి, రాడ్‌ను నీ ఒడ్డువైపుకి తిప్పు. వాషింగ్టన్‌లో లైసెన్సు ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, విమానం దిగి ఏటికి వెళ్లేముందు అది చూసుకో.